కిటికీకి అడ్డంగా అరలు

చిట్టి గదిలో తెల్లవారదు. బయట ఎండ వీధినంతా ఆక్రమించుకున్నాక కూడా లైటు వేస్తే తప్ప ఆ గదిలో చెప్పులు కనబడవు. కిటికీ లేక కాదు. నిక్షేపంలాంటి కిటికీ ఉంది. కిందటేడు దాకా పొద్దున్నే ఎండ ఏకంగా మంచం మీదికే వచ్చి లేపేది. ఇప్పుడు ఆ కిటికీకి అడ్డంగా, నేల నుంచి పైకప్పు దాకా, చెక్క అరలు నిలబడి ఉన్నాయి. మొత్తం పద్దెనిమిది గళ్లు. పద్దెనిమిదీ ఖాళీ.

మంచానికీ అరలకూ మధ్య మిగిలిన కాస్త సందులోంచి అడ్డంగా జరుగుతూ తలుపు దాకా రావాలి. పేరుకు చిట్టే గానీ, మనిషి గుమ్మం దగ్గర తల వంచాల్సినంత పొడవు. మోకాలికో మోచేతికో ఏదో ఒక చెక్క తగలనిదే ఆమెకు రోజు మొదలు కాదు.

“చిట్టీ, లేచావా? లేక ఆ గూళ్లలో ఇరుక్కుపోయావా? రంపం తెమ్మంటావా?” వంటింట్లోంచి అత్తయ్య కేక వేసింది.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి రిటైరైన మనిషి. దుప్పట్లు ఎంత బాగా మడతపెట్టినా మాటను మడతపెట్టడం మాత్రం ఆమెకు రాలేదు. చిట్టి వాళ్లమ్మ పోయాక తమ్ముడి ఇల్లు చక్కబెట్టడానికని వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

వంటింటి బల్ల దగ్గర నాన్న టాబ్లెట్ మీదికి వంగి ఏదో చదువుతున్నాడు. పక్కన టీ చల్లారిపోయి పైన మీగడ కట్టింది. ఆట పంపిస్తామన్నవాళ్లు ఏమంటున్నారని చిట్టి అడగలేదు. అడగడం మానేసి చాలా కాలమైంది. అడక్కపోయినా జవాబు వస్తుంది.

“వస్తుందమ్మడూ,” అన్నాడు నాన్న తలెత్తకుండానే. “కాస్త ఆలస్యం. అంతే.”

“ఏది వస్తుందిరా? నాకు మోకాళ్ల నొప్పి వస్తుంది, ఇంటికి కరెంటు బిల్లు వస్తుంది. నీ ఆట మాత్రం నా కళ్లతో చూసి పోయే రాత నాకున్నట్టు లేదు,” అంది అత్తయ్య.

“పొద్దున్నే మొదలెట్టకు అక్కా.”

“నేను మొదలెట్టడమేంట్రా? ఎదిగిన పిల్ల గదిని గోదాము చేసి పెట్టావు. గోదాములోనైనా సరుకుంటుంది.”

చిట్టి నవ్వు ఆపుకుని టీ అందుకుంది. నాన్న నవ్వలేదు.

నాన్న వడ్రంగి. ఊరి చివర ఫర్నిచర్ వర్క్‌షాపులో పని. ఆయన చేసిన సొరుగును చిటికెన వేలితో తోస్తే చప్పుడు లేకుండా లోపలికి వెళ్లిపోతుంది. అలాంటి మనిషికి ఇంటర్నెట్‌లో ఒక ఆట కనబడింది. బల్ల మీద పరుచుకుని నలుగురూ చుట్టూ కూర్చుని ఆడుకునేది. ఓడరేవు కట్టే ఆట. చెక్క పడవలు, గుడ్డ మీద అచ్చు వేసిన సముద్రం. చిక్కల్లా ఏమిటంటే ఆ ఆట ఇంకా పుట్టలేదు. ఎక్కడో ఇద్దరు స్నేహితులు బొమ్మలు గీసి చూపించి, జనం ముందుగా డబ్బు కడితే ఆ డబ్బుతోనే తయారుచేసి పంపిస్తామన్నారు. అది కొనడం కాదు, నమ్మడం. ఆ తేడా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నాన్న పెద్ద అక్షరాలు మాత్రమే చదివాడు.

పైగా ఒక వెసులుబాటు కూడా ఉంది. ఎక్కువమంది కలిసి ఒకే పేరు మీద, ఒకే చిరునామాకు తెప్పించుకుంటే పంపే ఖర్చు బాగా తగ్గుతుంది. చిట్టి పనిచేసే ల్యాబ్‌లో సొరుగులు బాగుచేయడానికి వెళ్లిన నాన్న, భోజనాల వేళ మైనం ముక్కలతో పడవలు చేసి, టిఫిన్ డబ్బా మూతల్ని రేవులుగా పెట్టి, ఆట మొత్తం ఆడి చూపించాడు. చూసినవాళ్లు చూసినట్టు పడిపోయారు. పదిహేడు మంది డబ్బు తెచ్చి చిట్టి చేతిలో పెట్టారు. నాన్నకు ఖాతాలూ అవీ తెలియవు కాబట్టి పేరు చిట్టిది, చిరునామా ఇంటిది, పద్దెనిమిదో పెట్టె నాన్నది. పెట్టె పొడవూ వెడల్పూ ఆ పేజీలో ఇచ్చారు. ఇంకేం కావాలి? వచ్చిన పెట్టెలు పంచేలోగా నలగకూడదంటూ కొలిచి మరీ అరలు కట్టేశాడు. ఇంట్లో అంత గోడ చిట్టి గదిలోనే ఉంది.

పెట్టెలు రాలేదు. మొదట్లో ఫొటోలు వచ్చాయి, తర్వాత క్షమాపణలు వచ్చాయి. అనుకున్నదానికన్నా ఎక్కువ డబ్బు పోగయ్యేసరికి ఆ ఇద్దరూ ఉత్సాహం పట్టలేక లోహపు నాణేలు ఇస్తామన్నారు, వెలిగే దీపస్తంభం ఇస్తామన్నారు. ఇస్తామన్నవన్నీ చేయించబోతే ఉన్న డబ్బు చాల్లేదు. ఫ్యాక్టరీ ఆలస్యం చేస్తోందన్నారు. ఓడ కిరాయి పెరిగిందన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు.

డబ్బు కట్టిన పదిహేడు మందినీ చిట్టి రోజూ చూడాలి. అదీ అసలు బాధ.

ఆమె పనిచేసేది పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో. ఊళ్లోని డాక్టర్లు అచ్చులు పంపిస్తే ఇక్కడ ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు కట్టి, పక్క పళ్ల రంగుకు సరిపోయే పన్ను చేసి పంపుతారు. తెలుపులో ఎన్ని తెలుపులు ఉంటాయో చిట్టికి తెలిసినట్టు ఆ ల్యాబ్‌లో ఇంకెవరికీ తెలియదు. అందుకే పెద్ద మేడం ఆమెను పిలిచి సరుకు గది తాళం అప్పజెప్పింది. పళ్ల తొడుగులకు వాడే ఖరీదైన లోహాలన్నీ ఆ గదిలోనే ఉంటాయి. ఆ తాళంచెవి మెడలో వేసుకుని తిరిగిన మొదటిరోజు చిట్టి రెండుసార్లు అద్దం చూసుకుంది.

ఇప్పుడు భోజనాల గదిలోకి వెళ్లాలంటే కాళ్లు రావు. “మన ఓడ ఎక్కడిదాకా వచ్చింది?” అని ఒకరు, “మునిగిందేమో కనుక్కో,” అని మరొకరు. మొదట్లో అది సరదాయే. సరదా ఎప్పుడో విరిగి లోపలున్న చేదు బయటపడింది. అందుకని చిట్టి తన బెంచీ దగ్గరే, గోడవైపు తిరిగి తినేస్తోంది.

ఆ రోజు ప్లాస్టర్ మామ అక్కడికే వచ్చాడు. అచ్చులు పోసే పెద్దాయన. చేతులూ కనుబొమలూ ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. అందరికన్నా ముందు డబ్బు తెచ్చి ఇచ్చింది ఆయనే.

“అమ్మాయ్, ఒకసారి భోజనాల గదిలోకి రా.”

“ఇక్కడే చెప్పండి మామా.”

“ఇక్కడ చెప్పేది కాదు.”

లోపల అందరూ ఉన్నారు. పెద్ద మేడం కూడా ఉంది. మామ తన ఫోను బల్ల మీద పెట్టాడు.

“ఆటవాళ్లు చేతులెత్తేశారు. డబ్బు అయిపోయిందట. ఆట లేదు, డబ్బు తిరిగి రాదు, దుకాణం మూసేశారు. నిన్ననే రాశారు. పోనీ, పోయింది పోయింది అనుకుందాం. నాకు అర్థం కానిది ఇంకోటుంది.” ఆయన తెరను పైకి జరిపాడు. “కింద జనం శాపనార్థాలు పెడుతున్నారు. ఒక్కరు మాత్రం నెలల తరబడి వాళ్లను వెనకేసుకొస్తున్నారు. ‘తొందరపడకండి, వాళ్లు మంచివాళ్లు, ఆట తప్పకుండా వస్తుంది, నమ్మండి’ అంటూ. మూసేశామని చెప్పాక కూడా, ఇవాళ పొద్దున కూడా రాశారు. ఎవరా అని పేరు చూశాను.”

చిట్టి చూసింది. పేరు తనదే.

చల్లారిన టీ, టాబ్లెట్ మీదికి వంగిన తల, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పొడిచే చూపుడు వేలు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. అది నేను కాదు, మా నాన్న, అనేస్తే సరిపోయేది. కానీ ఈ బల్ల మీదే మైనం పడవలు చేసి చిన్నపిల్లాడిలా మురిసిపోయిన మనిషిని ఇప్పుడు ఈ పదిహేడు మందికీ ఎలా అప్పగిస్తుంది? చెబితే నాన్న పోతాడు, చెప్పకపోతే తను పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పని.

“నీకూ వాళ్లకూ ఏమైనా సంబంధం ఉందా?” అడిగాడు మామ. కోపంగా అడిగినా బాగుండేది. బాధగా అడిగాడు.

“లేదు మామా.”

“మరి ఇదేంటి?”

చిట్టి ఫోనును మామ వైపు జరిపింది. పెద్ద మేడం కుర్చీలోంచి లేచింది.

“ఇక్కడ అందరూ ఆటను చూసి ఇవ్వలేదు, నీ మొహం చూసి ఇచ్చారు. రేపు ఇదే వేళకు ఏదో ఒక సమాధానం చెప్పు. అందాకా ఆ తాళం నా దగ్గర ఉంటుంది.”

మెడలోంచి తాళంచెవి తీసి ఇస్తుంటే చిట్టికి తల కొట్టేసినట్టయింది. దాని తాడు జడలో చిక్కుకుంది. అందరూ చూస్తుండగా ఆ చిక్కు విడదీసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న వంటింటి బల్ల దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది. చిట్టి సంచీ కూడా దించలేదు.

“నాన్నా, నా పేరుతో ఆ పేజీలో రాస్తున్నావా?”

నాన్న చెయ్యి ఆగింది. “అప్పుడప్పుడు. నాకు వేరే ఖాతా లేదు కదమ్మడూ.”

“ఏం రాశావు?”

“ఏముంది? అందరూ వాళ్లను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. చూడలేక, కాస్త ఓపిక పట్టండి అన్నాను.”

“అక్కడ పడేది నా పేరు! ల్యాబ్‌లో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా? నేను వాళ్లతో కుమ్మక్కయ్యాననుకుంటున్నారు. నా దగ్గర తాళం తీసేసుకున్నారు నాన్నా!”

“అయ్యో రామా,” అంటూ అత్తయ్య పొయ్యి ఆపేసింది. “చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా, పిల్ల పేరుతో చెలగాటాలు వద్దని.”

నాన్న ముఖం పాలిపోయింది. అయినా నోరు తన అలవాటు మానలేదు. “కంగారు పడకు. వాళ్లు మూసేశామన్నారు గానీ, ఇలాంటివి మళ్లీ ఇంకెవరో తీసుకుని నడిపిస్తారట. ఆట రాగానే అందరికీ...”

“రాదు నాన్నా.”

“వస్తుంది. కాస్త...”

“రాదు! రాదని ఒక్కసారి నీ నోటితో అను. ఒక్కసారి అంటే ఏం పోతుంది నీకు?”

నాన్న పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అది చూసేసరికి చిట్టికి ఎక్కడో అడుగున దాచుకున్నది పైకి తన్నుకొచ్చింది.

“అమ్మప్పుడూ ఇదే అన్నావు.”

చిట్టి సంచీ నేల మీద పడేసింది.

“సోమవారం ఇంటికి వచ్చేస్తుంది, నువ్వు నిశ్చింతగా పరీక్ష రాసుకో అన్నావు. నీ మాట నమ్మి హాస్టల్లోనే ఉండిపోయాను. పరీక్ష బాగా రాశాను కూడా. అమ్మ ఆదివారమే వెళ్లిపోయింది. ఒక్క నిజం చెప్పి ఉంటే పరుగెత్తుకొచ్చేదాన్ని. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మకు నేనేం చెప్పుకోవాలో చెప్పుకునేదాన్ని!”

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అన్నాక తేలికవుతుందనుకుంది. కాలేదు. నాన్న కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. అత్తయ్య సగం తరిగిన ఉల్లిపాయలు తన వైపు లాక్కుంది. చిట్టి అడ్డంగా జరుగుతూ తన గదిలోకి వెళ్లి మంచం మీద వాలిపోయింది. ఖాళీ గళ్లు వరసగా ఆమెకేసి చూస్తున్నాయి. ఊపిరాడటం లేదని కిటికీ తెరవడానికి చెయ్యి చాచింది. చేతికి చెక్క తగిలింది.

పొద్దున లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. టాబ్లెట్ బల్ల మీద బోర్లించి ఉంది.

“పనికి పెందలాడే పోయాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నువ్వు తిని వెళ్లు తల్లీ, ఖాళీ కడుపుతో మాటలు పడకు,” అంది అత్తయ్య.

ల్యాబ్‌లో భోజనాల వేళయింది. చిట్టి పళ్లెంలో ఉన్న సెట్టుకు చివరి పన్ను అతికించి, చేతులు తుడుచుకుని, ఉరికంబం ఎక్కేదానిలా భోజనాల గదిలోకి వెళ్లింది. ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు. గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

నాన్న. చేతిలో పనిముట్ల సంచీ. సొరుగులు బాగుచేయమని పిలిస్తే ఎలా వచ్చేవాడో అలాగే వచ్చాడు. చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో ఉంది.

“నేను ఈ అమ్మాయి నాన్నను. మీకందరికీ తెలుసు,” అన్నాడు. సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “ఆట చూపించి మీచేత డబ్బు పెట్టించింది నేను. ఆ పేజీలో రాసిందీ నేనే. తన పేరు పడుతుందని తెలిసి కూడా ఆలోచించలేదు. నేను రాస్తున్నట్టు నిన్నటిదాకా తనకు తెలియదు. తెలిశాక కూడా మీ దగ్గర నన్ను బయటపెట్టలేదు.”

మామ అడిగాడు, “అయితే ఆ ఆట సంగతి?”

నాన్న నోరు తెరిచాడు. చిట్టికి ఆయన పెదవుల మీద ఆ పాత మాట కనబడింది, మొదటి అక్షరంతో సహా. ఆయన దాన్ని మింగాడు. మింగడం గొంతు మీద తెలిసింది.

“రాదు,” అన్నాడు.

అంతే. చిన్న మాట. అన్నాక గోడకు చెయ్యి ఆనించుకున్నాడు.

“మీ డబ్బు నా జీతంలోంచి నెలనెలా ఇచ్చేస్తాను. ఒకేసారి ఇవ్వలేను.”

“మీకెందుకండీ శ్రమ, వదిలేయండి, అంటాననుకుంటున్నారేమో,” అన్నాడు మామ. “అనను. నాకు కావాలి.”

“ఇస్తాను.”

“నిన్న ఈ పిల్లను నలుగురిలో నిలబెట్టి అడిగాను. రాత్రి నాకు అన్నం సయించలేదు.” మామ తెల్లటి కనుబొమలు తుడుచుకున్నాడు. “సరే, వచ్చారు కదా. నా బెంచీ సొరుగు మళ్లీ పట్టేస్తోంది. చూసి వెళ్లండి.”

నాన్న మారుమాట్లాడకుండా సంచీ విప్పి నేల మీద కూర్చున్నాడు. కొందరు ఇంకా ముటముటలాడుతూనే టిఫిన్ డబ్బాలు తెరిచారు. ఒకామె అయితే మొదటి నెల తనకే ఇవ్వాలని అక్కడే చెప్పేసింది. పెద్ద మేడం అందరికన్నా ముందు లేచి వెళ్లిపోయింది. చిట్టి తిరిగి వచ్చేసరికి బెంచీ మీద తాళంచెవి ఉంది.

సాయంత్రం దాకా నాన్న బయటే కాచుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి బస్టాపు దాకా నడిచారు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

“శుక్రవారమే చెప్పారు డాక్టరుగారు,” అన్నాడు నాన్న, రోడ్డు కేసి చూస్తూ. “మీ అమ్మ సంగతి. ఇక లాభం లేదని. ఫోను చేతిలోకి తీసుకున్నాను నీకు చెబుదామని. నా నోటితో అంటే అది నిజమైపోతుందనిపించింది. అనకపోతే, ఏమో, ఎక్కడో ఒక సందు మిగిలి ఉంటుందేమో అనిపించింది. సోమవారం అన్నాను. నువ్వు నమ్మావు. నువ్వు నమ్మేసరికి నేనూ నమ్మేశాను.”

చిట్టి కళ్లు మసకబారాయి.

“తను అడిగింది నిన్ను. పరీక్ష ఉందని చెప్పాను. బాగా రాయమను అంది.” నాన్న పనిముట్ల సంచీ కాళ్ల దగ్గర దించాడు. “నీ దగ్గర నేను తీసేసుకున్నది నెలనెలా కట్టి తీర్చేది కాదమ్మడూ. అది నాకు తెలుసు.”

“మరి ఈ ఆట ఎందుకు నాన్నా? ఇన్నాళ్లూ ఎందుకు పట్టుకు వేలాడావు?”

“తను ఉన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి పనిలోంచి వస్తుంది, బజారు నుంచి వస్తుంది అని చూసేవాణ్ణి. తను పోయాక మన ఇంటికి రావలసింది ఏదీ లేకుండా పోయింది. ఇది వస్తుందన్నారు. సరే, ఇదైనా వస్తుంది కదా అని చూస్తూ కూర్చున్నాను.”

అమ్మ ఆఖరి రోజులు తనకు దక్కకుండా చేశాడని చిట్టి ఇన్నేళ్లూ నాన్న మీద లోలోపల కత్తులు నూరింది. ఈ మనిషి మాత్రం ఇంకా ఆ శుక్రవారం దగ్గరే, చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. కోపం పోలేదు. కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆమె తప్పు కన్నంలో ఉన్న ఆయన గుండీ విప్పి సరిగ్గా పెట్టింది.

ఇంటికి రాగానే నాన్న చొక్కా చేతులు మడిచి చిట్టి గదిలోకి వెళ్లాడు. మరలు ఒక్కొక్కటే విప్పుతుంటే చిట్టి పలకలు అందుకుని హాల్లో పేర్చింది.

“కట్టేటప్పుడు ఒక్కడివే కట్టావు, విప్పడానికి ఇంటిల్లిపాదీ కావలసి వచ్చింది,” అంటూ అత్తయ్య మరలన్నీ గిన్నెలో వేసుకుంది. “ఈ చెక్కలేం చేస్తావురా?”

“ఏదో ఒకటి చేస్తాను.”

“అరలు మాత్రం చెయ్యకు.”

ఆఖరి పలక ఊడాక కిటికీ బయటపడింది. గడియ బిగుసుకుపోయింది. నాన్న అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే తెరుచుకుంది. సాయంత్రపు ఎండ దుమ్ముతో సహా మంచం మీద పడింది. వీధిలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

నాన్న టాబ్లెట్ తెచ్చి చిట్టి చేతికిచ్చాడు.

“ఇంకొక్కటి రాయాలి. నువ్వే రాయి, నేను చెబుతాను. ‘ఇంతకుముందు ఈ పేరుతో రాసినవేవీ ఈ అమ్మాయివి కావు. వాళ్ల నాన్నవి. ఆట రాదు. ఎవరూ ఎదురుచూడకండి.’” ఆగాడు. “రాశావా?”

“రాశాను.”

“‘రాదని నాకు ముందే తెలుసు.’ అది కూడా రాయి. ‘తెలిసే చెప్పలేదు.’”

చిట్టి వేళ్లు ఆగిపోయాయి. ఆ మాట తెర మీది జనానికి కాదని ఇద్దరికీ తెలుసు. నాన్న అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. అమ్మ పోయిన రోజు కూడా ఆయన ఏడవడం చిట్టి చూడలేదు. టాబ్లెట్ మంచం మీద పడేసి లేచింది. మధ్యలో ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. నేరుగా నడిచి వెళ్లి నాన్నను పట్టుకుంది.